బ్యారన్ కాడ ఒక డబ్బా

చీమకుర్తిలో నల్లరాయి కొనడానికొచ్చిన చైనావాళ్ళకి
కారు తోలతాడు మా చిన మాలకొండయ్య.
వాళ్ళు వెళ్తా వెళ్తా సీట్లో వదిలేసిన డబ్బాని
కొండ మీది ప్రసాదంలా రెండు చేతుల్తో తెచ్చిచ్చాడు.
"ఇది తాగితే తెల్లార్లూ రెప్ప పడదంట మామా."

అరచేతిలో ఇమిడే డబ్బా. బంగారు రంగు.
మీద అక్షరాలు
ఎవరో అగ్గిపుల్లలు విరిచి పేర్చినట్టున్నాయి.
ఒక్కటీ రాదు నాకు.
నా పేరే నేను నిదానంగా రాసుకునేవాణ్ణి గనక
వాటి మీద కోపం లేదు.

ఆకు బ్యారన్‌కెక్కించి మూడో రాత్రి.
మా కొండపి పక్క ఎవర్నడిగినా చెప్తారు,
మూడో రాత్రి కునుకు తీసినోడు
వేలం కాడ తల దించుకుంటాడని.
పసుపు తిరిగిన ఆకుకి రంగు నిలబడే గంటలివి.
వేడి నూట ఇరవై దాటకూడదు, దిగకూడదు.
పొయ్యి నోట్లో తుమ్మమొద్దు, కంటి మీద కునుకు,
రెండిటినీ ఒక్కణ్ణే నెట్టాలి
ఒకదాన్ని లోపలికి, ఒకదాన్ని బయటికి.

పదకొండింటికి టప్పుమని మూత లేపాను.
ముందు వాసనొచ్చింది,
పసిపిల్లలకి ముక్కు మూసి పోసే జ్వరం మందుది.
ఒక గుక్క.
తీపే, కాదన్ను. కానీ నిమ్మబిళ్ళల నీళ్ళలో
తుప్పుమేకు నానేసినట్టు తీపి.
రెండో గుక్క కొంచెం నయం.
మూడోదానికి, నిజం చెప్పొద్దూ, అలవాటు పడ్డాను.
చెంచమ్మకిస్తే పెదవులు తడిపి ఊసేసింది.
"సోడాలో సబ్బు కలిపినోడి చేతులిరగ!"
పక్క బ్యారన్‌కి పొద్దంతా ఆకు కట్టి
బంకతో నల్లబడ్డ వేళ్ళు చెంప కింద పెట్టుకుని
గోనెపట్టా మీద అట్టాగే నిద్రపోయింది.

అరగంటకి పనిచేసింది.
గుండెలో ఎవరో ఆయిలింజనుకి హ్యాండిలేసి తిప్పారు.
చెవులు వేడెక్కాయి. కాళ్ళు ఊరికే ఊగతన్నాయి.
ఎంత మేలుకున్నానంటే
పోయినేడు కిలోకి ఎంత కోశారో పైసల్తో గుర్తొచ్చింది,
బ్యాంకు మేనేజరు చొక్కా మీది గీతలు గుర్తొచ్చాయి,
నాగులుప్పలపాడు బావ కాడ తెచ్చిన నలభై వేలు
రెండ్రూపాయల వడ్డీన ఎంతయిందో
ముందు వేళ్ళ మీద, ఆనక బొగ్గుముక్కతో గోడ మీద
మూడుసార్లు లెక్కేశాను.
మూడుసార్లూ మూడు మొత్తాలు.
మొద్దుకెన్ని కణుపులున్నాయో చూశాను.
చుక్కల్ని చూశాను.
అద్దంలో వేడి ఎంతుందో మాత్రం చూళ్ళేదు.

రెండున్నరప్పుడు
కళ్ళు తెరవకుండానే
చెంచమ్మ ముక్కు ఎగబీల్చింది.
"పై కిటికీ ఎత్తయ్యా. ఆకు ఉడుకుతోంది."

ఉరికాను. తాడు లాగాను.
బుస్సుమని తెల్లటి ఆవిరి చీకట్లోకి.
నూట ముప్ఫై ఒకటి!
ఇంకో పావుగంటైతే మా ఏడాది మొత్తం
ఎండుపేడ రంగుకొచ్చేది.
వెనక్కి తిరిగి చూస్తే ఆమె మళ్ళీ గురక.
బ్యారన్ కాడ కాపలా ఉన్నది ఆమే.
నేను నాగులుప్పలపాడులో ఉన్నాను.

తెల్లారి తమ్ముడొచ్చి పొయ్యి అందుకున్నాడు.
పడుకుంటే నిద్ర రాదే!
మధ్యాన్నం దాకా
మంచం కింద కుక్కపిల్ల ఎట్టా నిద్రపోతదో చూస్తా ఉన్నాను.
ఇదీ బావ లాంటిదే.
ఈ రాత్రికిచ్చింది, రేపటిది వడ్డీతో పట్టుకుపోయింది.

చిన మాలకొండయ్య ఫోన్ చేశాడు.
"ఎట్టుంది మామా?"
పాపం, ఎంత ఆశగా అడిగాడో.
"బాగుందిరా. చల్లగా ఉంటే ఇంకా బాగుండేది."

డబ్బా పైన కోసి, అంచులు రాయితో కొట్టి
చెంచమ్మ అందులో ఉప్పు పోసుకుంది.
చేలో మజ్జిగన్నం కాడ
ఆ రాని అక్షరాల్లోకి వేళ్ళు పెట్టి ఉప్పు తీసుకుని
పచ్చిమిరపకాయ కొరికాను.
కళ్ళెంట నీళ్ళు. ఒళ్ళంతా మెలకువ.